పెన్సిల్ చప్పుడు

మిడిల్స్‌బరోలో, నది ఒడ్డున,
ఒకప్పుడు చేపల్ని ఐసులో పెట్టిన షెడ్డు.
జనవరిలో అద్దెకి తీసుకున్నాం.
తలుపు మూస్తే గోడల్లోంచి ఉప్పు వాసన.
వాయించేవాళ్ళు ముగ్గురు, పాడేది బ్రయొనీ,
తీగలూ మీటలూ చూసుకునేవాణ్ణి నేను.

ఆల్బం మొత్తం ఒకటే కథ:
బ్లాస్ట్ ఫర్నేస్ ఒక క్షుద్రదేవత.
మనుషుల పేర్లు మింగి అంకెలు ఉమ్ముతుంది.
నాలుగువందల పదిహేడో నంబరు వాడు
తొమ్మిది పాటల్లో, గోటి నుంచి మొదలుపెట్టి,
ఇనుమైపోతాడు.

చప్పుడు కోసం మేం చెయ్యని పని లేదు.
తుక్కు కొట్లో కిలోల లెక్కన గొలుసులు కొన్నాం.
నీళ్ళ ట్యాంకులోకి మైకు దించాం.
సిమెంటు నేల మీద ట్రాలీ ఈడ్చి
వేగం నాలుగో వంతుకి తగ్గిస్తే
ఏనుగేదో తల్లిని పిలిచినట్టుంది.
డెజ్ సమ్మెట పట్టుకుంటే
పక్క వీధిలో పాలసీసాలు వణికేవట.
బ్రయొనీ రేకు గొట్టంలోకి అరిచి అరిచి
మూడు రోజులు కాగితం మీద రాసి మాట్లాడింది.
కప్పు మీద ఒక సీగల్ నడిచేది.
మూడో పాటలో దాని గోళ్ళున్నాయి, తియ్యలేదు.

ఆదివారాలు డెజ్ ఆలస్యంగా వచ్చేవాడు.
ఎందుకో రెడ్‌కార్ వెళ్ళాకే తెలిసింది.
ముందు గదిలో వాళ్ళ నాన్న విల్ఫ్,
ముప్పై ఒక్క ఏళ్ళు కోక్ ఓవెన్ల నెత్తిన నిలబడ్డ మనిషి,
ఇప్పుడు ముక్కుకి గొట్టం.
పక్కన ఆక్సిజన్ మెషీను:
బుస్స్... ఆగి... టక్.
బుస్స్... ఆగి... టక్.
సిగ్గులేనివాణ్ణి, జేబులో రికార్డర్ నొక్కాను.
ఆయన చూశాడు. "కానీయ్," అన్నాడు, "కరెంటు బిల్లు ఎలాగూ కడుతున్నా."

చెప్పాను ఆయనకి:
మా భాషలో కొలిమిదీ తిత్తే, ఊపిరిదీ తిత్తే.
కాసేపు ఆలోచించి
"అయితే మీ వాళ్ళెవరో కొలిమి దగ్గర బతికినవాళ్ళే" అన్నాడు.

మార్చిలో ఎనిమిది పాటలు వినిపించాం.
సోఫా చివర నలుగురం, పరీక్ష రాసిన పిల్లల్లా.
గొలుసులు మోగాయి, ఏనుగు ఏడ్చింది,
ఆయన ఊపిరే నాలుగో పాటకి దరువైంది.
విల్ఫ్ కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.
టీ చల్లారింది.

"గోలెక్కువ," అన్నాడు.
"అది ఇలా అరవదురా. శ్రుతి పట్టినట్టు ఉండేది,
తేనెటీగల గూడులాగ. ఆగినప్పుడే మాకు భయం."
బుస్స్... ఆగి... టక్.
"పాపం దాన్నెందుకు రాక్షసిని చేశారు?
కాలితే కాల్చింది, కూడూ పెట్టింది.
ఆఫీసులో ఒకడుండేవాడు, పెద్ద గొంతు కూడా కాదు,
జాబితా ముందేసుకుని,
పెన్సిల్‌తో..."
దగ్గొచ్చింది. తర్వాతిది చెప్పలేదు.
వేలితో దుప్పటి మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

తిరుగు దారిలో కారులో ఎవరం మాట్లాడలేదు.
మూడు నెలలుగా ఇనుముని కొడుతున్నాం.
ఆ పెన్సిలూ కొట్టేసింది,
చెయ్యెత్తకుండా.

తొమ్మిదో పాట చెరిపేశాం.
సమ్మెట లేదు, గిటారు లేదు, బ్రయొనీ కూడా లేదు.
గరుకు కాగితం, హెచ్‌బీ పెన్సిలు,
వెంట్రుకంత దూరంలో మైకు.
డెజ్ వాళ్ళ నాన్న షిఫ్టు వాళ్ళ పేర్లు
గుర్తున్నంతవరకూ రాశాడు,
ఒక్కొక్కటీ గీత కొట్టాడు. ఆరు నిమిషాలు.
ఒకచోట ముల్లు విరిగింది.
చెక్కుకున్న చప్పుడు కూడా ఉంచేశాను.

మూడువందల కాపీలు వేశాం, సగం ఇంకా నా మంచం కింద.
విన్నవాళ్ళు అడుగుతుంటారు,
చివర్లో ఏమిటది, ఎలుకా అని ఒకరు,
రికార్డు పాడైందా అని ఒకరు.
ఒక పెద్దావిడ మాత్రం అడగలేదు.
డబ్బులిచ్చి, అట్ట వెనక్కి తిప్పి,
కళ్ళజోడు సర్దుకుని
పేర్లేమైనా వేశారా అని వెతికింది.