బయటి రికార్డింగు

"ఏ పార్టీ మీటింగమ్మా?" అనడిగాడు
కుర్చీలు దించుతున్న టెంట్‌హౌసు కుర్రాడు.
పార్టీ కాదు, రేడియో.
"ఉందేటి ఇంకా?"
ఉందన్నాను. నెలకు ఆరు డ్యూటీల మేరకు
నేనూ ఉన్నాను.

లాసన్స్ బే ఇసక ఆగిపోయి
జాలారిపేట మొదలయ్యే చోట
సిమెంటు గట్టే వేదిక.
టికెట్టు లేదు, పాసు లేదు, ముందు వరసలో సోఫాలు లేవు.
వలలారేసే వెదుళ్లకే కేబుల్ చుట్టుకున్నాం.
మైకుకు స్పాంజి తొడిగి
దాని మీద నా పాత మేజోడు కూడా తొడిగాను.
సముద్రపు గాలి పాట వినదు, మైకును కొరుకుతుంది.
ఏ పుస్తకంలోనూ లేని ఈ ముక్క
రిటైరై వెళ్తూ సన్యాసప్పడు గారు చెప్పింది.

ముందు వయొలిన్.
పోర్టు ఆఫీసులో పగలంతా ఓడల అద్దెలు కూడే ఇందుమతి గారు
చెప్పులు విడిచి, ఇసకలో వేళ్లు దూర్చి
మోహన ఎత్తుకున్నారు.
అవరోహణలో ఒకచోట
మురీ మిక్సర్ పొట్లం నలిగిన చప్పుడు స్పష్టంగా రికార్డయింది.
లంగరేసిన ఓడ కూత పెడితే
శ్రుతికి కాస్త కిందుందన్నట్టు
కమాను ఆపకుండానే తల అడ్డంగా ఊపారు.

తర్వాత మైలపల్లి పోలారావు.
హార్బర్లో ఐసు కొట్టే మనిషి.
తెల్లగా పాలిపోయి ఉబ్బిన వేళ్లు
జముకు నరం లాగేటప్పుడు మాత్రం
ఎండ తగిలిన వేళ్లవుతాయి.
ఆడిషన్ నాడు స్టూడియో తలుపు మూయగానే
"గాలాడ్డం నేదమ్మా, గొంతు నెగదు" అని
లేచి వెళ్లిపోయాడు.
అందుకే స్టూడియోనే ఇక్కడికి మోసుకొచ్చాం.
కాంట్రాక్టు మూడు కాపీల మీదా
"ఇంత రాయించుకుని ఇచ్చీది ఇంతేటమ్మా" అని నవ్వుతూనే
ద్వారబంధానికి బొట్టు పెట్టినంత మెల్లగా
సంతకాలు పెట్టాడు.

గాలివానలో తిరిగిరాని తెప్ప కథ.
పేర్లతో సహా.
ఆ పేర్ల అక్కచెల్లెళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు.
రెండో పేరు దగ్గర కరెంటు పోయింది.

స్పీకర్లు చచ్చిపోయాయి.
వ్యాను బ్యాటరీ మీద ఒక్క మైకు బతికుంది.
మధ్యలో ఆపగలిగే కథ కాదది.
పోలారావు గట్టు దిగి జనంలోకి నడిచాడు.
స్టాండు నడవలేదు కదా,
మైకు పీక్కుని నేను నడిచాను.
కొండ మీద లైట్‌హౌసు వెలుతురు తిరిగినప్పుడల్లా
ఒక మొహం, ఒక ముక్కుపుడక, నోటికడ్డం పెట్టుకున్న ఒక కొంగు.
పదకొండు నిమిషాలు.
భుజం కాలిపోతోంది.
అతని నోటికీ నా నోటికీ నడుమ జానెడు దూరం,
అందులో మైకు.

నాకూ పాట వచ్చు.
రెండుసార్లు ఆడిషన్‌కి వెళ్లాను.
రెండుసార్లూ "మీ మాట బావుందమ్మా" అన్నారు.

ఎడిటింగులో ఇంజనీరు తల గోక్కున్నాడు.
"పేరుకీ పేరుకీ మధ్య ఎవరో ఊపిరి తీస్తున్నారు,
ఆడమనిషి. కోసేయనా?"
చెక్కులో పేరు తప్పు పడిందని చెప్పడానికొచ్చిన పోలారావు
హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుని విన్నాడు.
"ఉంచీండి బాబూ.
వంత నేకండా జముకు కథ నడవదు."

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర, డ్యూటీ నాదే.
వయొలిన్, ఇందుమతి గారు. చదివాను.
జముకు, గానం, మైలపల్లి పోలారావు. చదివాను.
వంత...
కాగితం మీద అక్కడ ఖాళీ.

ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దానికి
రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు.
మూడు కాపీలు.
ఇంకా రాయలేదు.