లెక్కలోకి రాని అక్షరం

సెయింట్ జాన్స్‌లో ఫిబ్రవరి అంటే
పొగమంచు కూడా లోపలికొచ్చి బూట్లు దులుపుకునే నెల.
యూనివర్సిటీ రికార్డుల ఆఫీసు, మూడో కిటికీ, నేను.
గాజుకి అవతల ఫిలొమినా స్నూక్,
అరవై ఒకటో ఏట, తడిసిన ఉన్ని టోపీ చంకలో,
ఎవరికి పంపాలి అన్న గడి దగ్గర
పెన్ను కదలక.

'ఎవరికమ్మా?'
'నాకే.'
'ఉద్యోగానికా, పై చదువుకా?'
'చూసుకోవడానికి.'
మా ఫారంలో ఆ కారణం లేదు.
ఇతరములు దగ్గర టిక్కు పెట్టాను.

కంప్యూటర్ ఎర్రగా అడ్డం పడింది: బకాయి.
ఎనభై మూడు జనవరి, లైబ్రరీ పుస్తకం ఒకటి,
ఆటుపోట్ల మీద, తిరిగి ఇవ్వలేదు.
బకాయి తీరందే ట్రాన్‌స్క్రిప్టు కదలదు.
'నాన్న పడవలోకి పట్టుకెళ్ళాడు' అంది,
'బొమ్మలు బావున్నాయని.
పుస్తకమూ రాలేదు.'

ఆ దీర్ఘం దగ్గర
నా వేళ్ళు కీబోర్డు మీద నిలబడిపోయాయి.

పద్నాలుగు డాలర్లు. మాఫీ చేసే అధికారం నాకు లేదు.
అదే చెప్పాను, రోజూ చెప్పే గొంతుతోనే.
ఆవిడ పర్సు బోర్లించి
చిల్లర వరసలుగా పేర్చి కట్టింది,
సముద్రం తరఫున.

నీలి కాగితం వచ్చింది, ఇంకా వెచ్చగా,
జిరాక్స్ తీస్తే ఒంటినిండా నకలు అనే మాట పైకి తేలే కాగితం.
మొదటి టర్ము: జీవశాస్త్రం బి, ఫ్రెంచి సి,
భూగోళం ఏ. అక్కడ కాసేపు ఆగింది ఆవిడ వేలు,
పాత స్నేహితురాలి గడప దగ్గర ఆగినట్టు.
రెండో టర్ము:
డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ.
చిన్నపిల్లలు గీసే అలల్లా,
ఐదు సబ్జెక్టుల కిందా ఒకటే నీళ్ళు.

'ఇవన్నీ తప్పినట్టేగా?'

కాగితం వెనక్కి తిప్పాను.
అక్కడ చీమల బారులా అర్థాలుంటాయి, ఎవరూ చదవరు.
'తప్పితే ఎఫ్ ఉంటుంది. ఇది విరమణ.
సున్నా కాదు. సగటులో కలవదు.
పైకి లాగదు, కిందికీ లాగదు.'
'లెక్కలోకి రానిది మరి రాయడం ఎందుకు?'
'ఆ చలికాలం మీరు ఇక్కడ పేరు రాయించుకున్నారని.
మధ్యలో వెళ్ళారని.'

చేపల ఫ్యాక్టరీలో పదేళ్ళు,
బడి బస్సు చక్రం వెనక ఇరవై ఏళ్ళు,
అడిగిన ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పిందట:
నాకు చదువు అబ్బలేదు.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.
'నేనెవరికీ చెప్పి వెళ్ళలేదే.
ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదే.'

నిజమే. చెప్పకుండా వెళ్తే రూలు ప్రకారం అన్నీ ఎఫ్‌లే.
పాత ఫైలు తెరిచాను. స్కాన్ చేసిన పసుపు చీటీ,
పెన్సిలు రాత, పొడి అక్షరాలు ఇ.టి.:
ఈ అమ్మాయి రాదు. రేడియోలో విన్నాం.
గడువు లోపలే వచ్చి చెప్పినట్టు రాసెయ్యండి.

ఎవరు ఇ.టి.? ఆఫీసులో ఎవరికీ తెలీదు.
ఇదే కిటికీ అయ్యుండొచ్చు, ఇదే ఊగే కుర్చీ.
ఆవిడ ఆ రెండక్షరాలనీ
గాజు మీంచే చూపుడువేలితో తాకింది.

'కవరుకి సీలు వెయ్యమంటారా?
సీలు వేశాక విప్పితే చెల్లదు.'
'వద్దు బాబూ. నలభై రెండేళ్ళు విప్పలేదు, చాలు.'
టోపీ పెట్టుకుని, కాగితం కోటు లోపల దాచుకుని
మంచులోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం గల్లా లెక్క చూస్తున్నాను.
మా పది సెంట్ల నాణెం మీద
తెరచాప ఎత్తిన పడవ ఉంటుంది.
ఆవిడ ఇచ్చినవి విడిగా పెట్టి
ఒక్కొక్కటే వెలుతురు కింద తిప్పాను.

అన్ని పడవలూ ఉన్నాయి.
ఒక్కటీ తగ్గలేదు.
లెక్క సరిపోయిందని రాసి, కింద సంతకం చెయ్యడానికి
చాలాసేపు పట్టింది.