గంగాళం లెక్క

విగో రేవులో ముప్పై ఏళ్లు
ట్యూనా చేపల్ని ఆవిరికి పెట్టిన చేతులివి.
డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది
ఒక సన్నపాటి మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.
పేరు ఇరియా బౌసాస్. డాక్టరేట్. మందులిచ్చే డాక్టరు కాదు.
"పెద్ద పాత్రల్లో వండటం మీకు వచ్చటగా?" అంది.

మా అఖాతంలో తెప్పలకి వేలాడే తాళ్లని
నల్ల ఆల్చిప్పలు పట్టుకుని ఉంటాయి.
తుఫాను తెప్పనే విరగ్గొట్టినా
తాడుని మాత్రం వదలవు.
వాటిని పీకలేక గోళ్లూడగొట్టుకుని
మా అత్త తిట్టిన తిట్లు నాకు కంఠతా వచ్చు.
సరిగ్గా ఆ తిట్లు పుట్టిన చోటే
ఈవిడ పదకొండేళ్లు కూచుంది,
నీళ్లలో నాని కూడా ఊడని ఆ బంకేమిటని.

గాజుకుప్పీలో చూపించింది,
చిటికెనవేలంత, తేనెరంగులో.
రెండు తడిరాళ్లు అతికించి లాగమంది.
నా భుజం పట్టేసింది.
రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి.

బిల్‌బావో నుంచి పెట్టుబడిదారు వచ్చాడు, ఎనెకో.
రాళ్లని ముట్టుకోలేదు.
ఎవరు కొంటారు, ఎంతకి, ఎప్పట్నుంచి?
ఇరియా గుండె ఆపరేషన్ల గురించి చెప్పింది,
కుట్లు లేకుండా అతుక్కునే నాళాల గురించి.
అతను కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.
"గుండెకి పన్నెండేళ్లు కావాలి.
నా డబ్బుకి మూడేళ్లే ఓపిక."
యూనివర్సిటీ పేటెంటు ఆఫీసు అప్పటికే
తన వాటా గీసుకుంది,
పుట్టని బిడ్డ మొలతాడు వెండిని తూకం వేసినట్టు.

ఇక నా వంతు.
పదిమందికి వేసే ఉప్పుని వందతో హెచ్చవేసి
వెయ్యిమంది కూరలో పోసిన వంటవాణ్ణి
పెళ్లివారు గరిటెతోనే తరుముతారు.
కుప్పీ చెప్పిన మాట గంగాళం వినదు.
రెండొందల లీటర్ల స్టీలు ట్యాంకులో
బంక విరిగిన పాలలా గడ్డలు కట్టింది.
మళ్లీ.
మళ్లీ.
ఏడోసారికి జీతాలు ఆగాయి.
ఇరియా నేలమీద చతికిలబడి
నోటుబుక్కులో గళ్లు గీస్తూనే ఉంది,
గళ్లలో రాయడానికి ఏమీ లేకపోయినా.

ఆ రాత్రి ట్యాంకుకి చెవి ఆనించాను.
ఉడికే చప్పుడు కాదది, గుటకల చప్పుడు.
తిరిగే తెడ్డు పైనుంచి గాలి మింగుతోంది!
గాలి తగిలితే బిగుసుకోవడం ఆ బంకకి పుట్టుబుద్ధి.
బుల్లి కుప్పీలో తెడ్డు ఎక్కడిది, గుటక ఎక్కడిది?
జానెడు కిందికి దించాను. వేగం సగం చేశాను.
నా పరిశోధన అంతే.
తెల్లవారి మూత తీస్తే తేనె.
ఇరియా తన పుస్తకంలో 'లుయెయ్‌రో జానెడు' అని రాసుకుంది.
పేటెంటు కాగితంలో దానికేదో బారెడు పేరుంది,
అందులో నేను లేను.

మొదట కొన్నది గుండె డాక్టరు కాదు.
పోంతెవేద్రాలో పళ్ల డాక్టరు, సబేలా.
"నోరూ సముద్రమేగా, ఎప్పుడూ తడే" అని నవ్వింది.
అనుమతుల కాగితాలకి పద్నాలుగు నెలలు,
అప్పుడు నలభై చిన్న గొట్టాలు, చిగుళ్ల కోతలకి.
బిల్లు మూడొందల నలభై యూరోలు.
బ్యాంకు వడ్డీ దానికన్నా ఎక్కువ.
"మరి గుండె?" అన్నాను.
"ముందు చిగుళ్లు" అంది ఇరియా,
నా వైపు చూడకుండా.

మా అత్తకి ఎనభై ఆరు. మిగిలిన పన్ను తీసి
ఆ గాటుకి ఈ బంకే పెట్టారు.
దేంతో చేశారో చెప్పాను.
ఎడమ బుగ్గ పట్టుకుని, పెదవి కదపకుండా,
పాత తిట్లన్నీ వరసగా తిట్టింది,
ఒక్కటీ మర్చిపోలేదు.

సోమవారం వెయ్యి లీటర్ల ట్యాంకు దిగుతోంది.
ఎనెకో ఫోన్లు మొదలయ్యాయి.
అందులో జానెడంటే ఎంతో
ఎవరికీ తెలీదు.
చెవి శుభ్రం చేసుకుని కూచున్నాను.