మూడు కాళ్లోడు

రాత్రి తొమ్మిదైతే చాలు
మా నవిత దుప్పట్ల ముడుచుకుంటది.
"అమ్మా, వాడొస్తడు."
ఎవడే?
"మూడు కాళ్లోడు. మెడ లేనోడు.
గోడ మీదికెల్లి నడుస్తడు
టక్కు టక్కు సప్పుడు చేసుకుంట."

నేనేం చెయ్యలేదని?
మెత్త కింద చీపురు పెట్టిన,
తలాపున కొడవలి పెట్టిన,
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిల ఏసిన.
"ఏం లేదు బిడ్డా, అంత ఉత్తదే" అన్న.
ఉత్తదే అన్నకొద్దీ
వానికి ఇంకో పన్ను మొలిచింది.

నిజం చెప్తున్న, తప్పు నాదే కొంత.
బువ్వ తినకుంటే బూచోన్ని పిలుస్తనని
రెండేండ్లు
ముద్దకొక్కపారి పిలిచిన.
అన్నిపార్లు పిలిస్తే
సుట్టపోడన్నా వస్తడు,
వాడు రాకుంటడా?

ఒక మాపటీలి పలకా బలపం చేతికిచ్చి
"గియ్యవే వాన్ని, నేనూ చూస్త" అన్న.
నాలుక బయటపెట్టి గీసింది.
భుజాల మీద తలకాయ, మధ్యల ఏం లేదు.
వంగిన ఈపు.
రెండు కాళ్లు.
పక్కన మూడోది, సన్నగ, కర్రోలె.

నా గుండె ఆగినంత పనైంది.
ఆ ఈపును నేనెరుగుదు.

మా మామ జంగయ్య
ఆ ఎర్రరంగు బోరింగు నీళ్లు నలభయ్యేండ్లు తాగిన మనిషి.
నీళ్లు బొక్కలల్ల రాయి కట్టినయి.
పక్కకు చూడాల్నంటే మెడ తిరగదు,
మనిషంత తిరగాలె.
నడిజాముకు దూపైతది ఆయనకు.
కట్టె పట్టుకొని కుండ కాడికి లేస్తడు.
అదే యాళ్లకు చండూరు రోడ్డు మీద లారీ పోతది,
కిటికీలకెల్లి లైటు పడతది,
మా ఇంటి గోడ నిండ మామ నిలబడతడు
కప్పు దాక.

పలక బోర్లేసేలోపే చూసిండు.
ఏమనలే.
కండ్లద్దాలు తీసి తుడుసుకొని
మళ్ల పెట్టుకున్నడు.

ఆ రాత్రి కట్టె సప్పుడు లేదు.
తెల్లారీ లేదు, ఎల్లుండీ లేదు.
బిడ్డ కమ్మగ నిద్రపోయింది.
మూడో పొద్దు చాయ ఇయ్యవోతే
మామ పెదవులు పర్రెలు పారినయి,
చెరువు ఎండినట్టు.
దూప ఆపుకొని పండుకుంటున్నడు ముసలోడు.
"ఇదేంది మామా" అని కోపానికొచ్చిన, ఏడుపొచ్చింది.
ఆయన మాత్రం
"పిల్లను తోలు ఇటు" అన్నడు.

"ఓ నవితా, వాని మూడో కాలు పొట్టిగేసినవే.
గిదో, ఇంత పొడుగుంటది" అని
కట్టె చేతికిచ్చిండు.
బల్బు ఆర్పమన్నడు.
టార్చిలైటు దాని చేతులనే పెట్టిండు.
"దగ్గరికి తే."
గోడ మీద వాడు లేచిండు, కప్పును గుద్దిండు.
పిల్ల నా కొంగు పట్టుకుంది.
"ఇగ ఎనకకు పో. ఇంక పో."
వాడు దిగిండు,
బర్రె దూడంతయిండు,
పిల్లంతయిండు.
"ఆగు!" అన్నది నవిత.
ఆగిండు.
"కూసో!"
కూసోనీకి మామకు చానసేపు పట్టింది,
మోకాళ్లు మాట ఇనవు గద.
అయినా కూసున్నడు.

సాపు కాని ఆ వేళ్లు,
నల్లగొండ పెద్దదవఖాన్ల కూడ సాపు కాని వేళ్లు,
గోడ మీద తొండ తలకాయై ఊగినయి.
నావి సక్కని వేళ్లు,
నాకు రాలేదా తొండ.
నవ్వి నవ్వి పిల్లకు ఎక్కిళ్లు వచ్చినయి.

భయం ఆ రాత్రే పోయిందనుకునేరు,
పోలేదు.
రెండు దినాలు టార్చి పొట్ట మీద పెట్టుకునే పండుకుంది.
సెల్లులు అయిపోయినయి,
కొత్తయి కొనుడు మర్సిపోయిన.

నిన్న నడిజాముకు
టక్కు.
టక్కు.
నేను కండ్లు తెరిసిన.
లారీ లైటు గోడను తడిమి పోయింది.
మగత నిద్రల, కండ్లు మూసుకొనే
నా పక్కకెల్లి సన్నటి గొంతు:
"తాతా,
నాగ్గూడ నీళ్లు."

కట్టె సప్పుడు ఆగింది.
గిలాస కడిగిన సప్పుడు.
నల్లా నీళ్ల బిందె మీది మూత తీసిన సప్పుడు.

తెల్లారి ఎండల నిలబెట్టి
"ఆ అను" అన్న బిడ్డను,
పండ్లు చూసిన ఒక్కొక్కటి,
పచ్చ గీత ఏమన్న ఉందా అని.
రోజూ చూస్త.
టార్చి ఏసి చూస్త.