పుష్యంలో పద్నాలుగు

పొట్టంగి బంగ్లా వెనక
తెల్లపెట్టె తలుపు తీసి
తెల్లారగట్ల గాజుగొట్టం చదవడం నా ఉద్యోగం.
నిరుడు ఈ తారీఖున రెండు డిగ్రీలు.
ఇవాళ పద్నాలుగు.
వేళ్లు వణకలేదు, అంకె గుండ్రంగా వచ్చింది.

నిరుడు గడ్డివాము మీద పేరిన మంచుని
గోటితో గీకి నాలిక్కి రాసుకుంది
గురుబారి ముదులి మనవరాలు.
"ఉప్పు లేదు" అని మొహం చిట్లించింది.

ఈసారి ఒకే ఒక్క రాత్రి వాన,
కళ్లంలో చోళ్లు మొలకెత్తి పాడవడానికి సరిపడా.
కాఫీ చెట్లు నెల మరిచి పూశాయి.
బజారంతా కంబళ్లు మడిచి
హాయిగా ఉందనుకుంది.

గురుబారి అనుకోలేదు.
ఝోలా పొలం గట్టున
ఊట నోట్లో దోపిన వెదురుదోనె కింద
బిందె ఆనించి, అడ్డపొగ వేసుకుని కూచుంది.
అది నిండేలోగా ఒక చుట్ట కాలేది.
ఇప్పుడు రెండు.

"బాబూ, నీ పెట్టెలో చలేమైనా మిగిలుంటే
ఒక గిద్దెడు పొయ్యి,
కొండకి తాగిస్తాను."

రిజిస్టరు చివర రిమార్కుల గడి.
పదకొండేళ్లుగా అక్కడ అడ్డగీత గీస్తున్నాను.
ఇవాళ రాశాను:
రెండు చుట్టలు.