చివర ఏడు

రిథిన్‌లో వాన. గోడకి చిల్లి పెట్టి
గాజుతీగ లోపలికి దూర్చాను.
"పాత నంబరు వదిలేస్తే నాకు పని తేలిక" అన్నాను.
ఎలినెడ్ టీ కప్పు ఠక్కున దించింది.

పశువుల డాక్టరుది చివర ఒకటి, ఈవిడది ఏడు.
ముప్ఫై ఏళ్లుగా అర్ధరాత్రి తప్పు కాల్స్:
గొర్రె ఈనలేకపోతోంది,
వెనక కాళ్లు ముందొచ్చాయి...
మొదట్లో విసుక్కునేదట.
తర్వాత్తర్వాత, "చేతికి సబ్బు రాసుకో, కంగారుపడకు."

డాక్టరు పోయి ఆరేళ్లు.
ఆయన నంబరు ఎవరూ అట్టిపెట్టలేదు.

ఫారం మళ్లీ మొదట్నుంచి నింపాను.
పాత లైను తెగకముందే నంబరు ఇవతలికి దాటాలి.

వారం తర్వాత వెళ్లి
కొత్త డబ్బాకి ఫోను తగిలించి
నా సెల్‌తో మోగించి చూశాను.

"చెప్పు నాయనా" అంది, నా ఎదుటే నిలబడి,
"ఎన్ని కాళ్లు కనపడుతున్నాయి?"