మాటల్లేని వైపు

మాటలున్న పాటైతే సులువు.
ఒక ముక్క గుర్తుంటే చాలు,
తప్పుగా గుర్తున్నా చాలు.
కౌంటర్ మీద మోచేతులానించి సిగ్గుపడుతూ చెబుతారు,
నేను వెనక్కి చూడకుండానే రికార్డు తీసిస్తాను.
షెఫీల్డ్‌లో, ట్రామ్ పట్టాలు పీకేసిన వీధిలో
పదకొండేళ్లు అదే నా పని.

మాటల్లేనిదాన్ని ఎలా అడుగుతారు?

ఆ సోమవారం వానలో వచ్చాడు ఈనక్ ర్యాగ్.
"అది కావాలి అమ్మాయ్."
ఏది?
"అదే. శనివారం అయిదింటికి రేడియోలో
ఫుట్‌బాల్ స్కోర్లు చదివే ముందు వేస్తారే."
ఎవరిది?
"మనుషులది కాదనుకుంటా."

కాస్త పాడి చూపించమన్నాను.
గొంతు సవరించుకున్నాడు.
మళ్లీ సవరించుకున్నాడు.
కచేరీ అక్కడితో సరి.
అప్పుడు కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో
కౌంటర్ చెక్క మీద కొట్టాడు:
టకటక్, టకటక్,
ఒక ఖాళీ,
టక్.

ఆ ఖాళీని బట్టి పోల్చుకున్నాను.

జుట్టుకి రంగేసుకున్న మా ఊరి కుర్రాళ్లు నలుగురు.
వాళ్ల గాయకుడి చెంప ఎముకలు
ఆ ఏడాది ప్రతి ఆడపిల్ల గది గోడ మీదా ఉన్నాయి.
అంత పేరున్న పాటకి వెనకవైపు
అతను నోరే విప్పడు.
ఆ రోజు పన్ను పీకించుకోడానికి వెళ్లాడని
మా షాపులో ఒక పుకారు.

నాకూ అదే ఇష్టం, ఎవరికీ చెప్పలేదు.
షట్టర్ సగం దించి, చిల్లర లెక్కపెడుతూ వేసుకునేదాన్ని.
ముందు ఒక్కటే లోతైన స్వరం,
అర్ధరాత్రి వంటింట్లో ఫ్రిజ్
ఏదో చెబుదామని నిశ్చయించుకున్నట్టు.
దాని మీద ఒక సన్నటి రాగం,
చీకట్లో మెట్లు లెక్కపెడుతూ ఎక్కుతుంది.
డ్రమ్ మెషిన్‌కి ఊపిరి అందకపోవడం ఉండదు.
మూడో నిమిషంలో మాత్రం
ఎవరి వేలో జారి పక్క మెట్టు మీద పడుతుంది.
సరిదిద్దలేదు, అలాగే ఉంచేశారు.
ఆ వేలు కోసమే వింటాను నేను.

ముల్లు దించాను.
ఈనక్ టోపీ తీశాడు.
అయ్యేదాకా పెట్టుకోలేదు.
"ఇదే. అవతలి వైపేముంది?"
పాట, అందరూ దానికోసమే కొంటారన్నాను.
"దాన్నేం చేసుకోను?"
ఇంతకీ ఎవరికండీ అన్నాను.
"పావురాలకి."

చిల్లర ఏరుతూ చెప్పాడు:
ఫోర్జ్ మూసేశారు కదా,
ఆవిరి సుత్తి ఆగిపోయింది కదా,
గుడ్డులో ఉన్నప్పట్నుంచీ లోయలోని ఆ మోత విన్న పక్షులు
నెల తిరక్కుండా గూటికి దిగడం మానేశాయి.
పైనే తిరుగుతాయి, తిరుగుతాయి,
ఇల్లు ఇదేనా అన్నట్టు.
ఎవడైనా పాడితే
మెడలెత్తి చూస్తాయి, ఎవరో కొత్తవాడొచ్చాడని.
"ఇది వచ్చినప్పుడే దిగాయి.
మరి శనివారం వారానికొకటే."

మార్చిలో ఒక ఆదివారం స్కై ఎడ్జ్ గుట్ట ఎక్కాను.
నల్లతారు పూసిన గూళ్లు, అడ్డదిడ్డంగా.
టార్పాలిన్ కింద పాత ప్లేయర్,
పక్కింటి కిటికీలోంచి లాగిన తీగ.
ముల్లుని చొక్కా అంచుతో తుడిచాడు, నా ప్రాణం విలవిల్లాడింది.
మొదటి స్వరం.
ఏమీ లేదు.
తర్వాత ఆకాశం మూల ఒక మరక కదిలింది.
ఒక్కొక్కటే దిగాయి, రెక్కల చప్పుడుతో.
ఆఖరి నీలిపిట్ట
సరిగ్గా ఆ వేలు జారిన చోట పలక మీద వాలింది.
అలా జరగలేదేమో.
నాకలాగే గుర్తుంది.

ఆర్నెల్లకి మళ్లీ వచ్చాడు, ఇంకోటి ఇవ్వమని.
అరిగిపోయినదాన్ని నా దగ్గరే వదిలేసి వెళ్లాడు.
ఒకవైపు బూడిదరంగు తిరిగి,
గాడులన్నీ కలిసిపోయి,
వేస్తే వాన తప్ప ఏమీ వినిపించదు.
పాట ఉన్నవైపు తళతళలాడుతోంది,
ఒక్క గీత లేదు.
పొరపాటున కూడా పడకుండా
దానిమీద, అడ్డంగా,
తారు అంటిన నీలం టేపు ముక్క.